తొడుక్కున్నవారి మాట

టీషర్టు కొనేటప్పుడు అందరూ ముందు రంగు చూస్తారు, తర్వాత బొమ్మ చూస్తారు, ఆఖరికి ఎవరూ చూడకుండా ధర చీటీ తిప్పి చూస్తారు. కొలతలక్క ఈ మూడూ చూడదు. ముందు దాన్ని లోపలి వైపుకు తిరగేస్తుంది. భుజాల కుట్టు కింద సన్నటి పట్టీ వేశారా లేదా, మెడ దగ్గరి అంచును రెండు వేళ్లతో లాగి వదిలితే మళ్లీ తన చోటికి వస్తోందా లేదా, వెలుతురుకెత్తి పట్టుకుంటే అవతల నిలబడ్డవాళ్ల ముక్కూ మొహం కనిపిస్తున్నాయా అని చూస్తుంది. పక్క కుట్టు నిటారుగా కిందికి దిగకుండా పొట్ట మీదికి వాలిందంటే ఆ టీషర్టును అక్కడే పడేస్తుంది. "రెండు ఉతుకులకి నడుం చుట్టూ తిరుగుతుంది. ఇంక ముందేదో వెనకేదో తెలీక చావాలి," అంటుంది పైకే. ఆమె వీధి మలుపు తిరిగిందంటే బట్టల దుకాణంలో కుర్చీలో ఉన్నవాడు లేచి లోపలికి వెళ్లిపోతాడు.

అలా చూడటం ఆమె బతుకుతెరువు మరి. టీషర్టులు కుట్టే ఫ్యాక్టరీలో, తలుపు మీద 'నాణ్యతా పరీక్షల విభాగం' అని రాసి ఉన్న గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. పేరు ఘనంగా ఉంది గానీ ఆ గదిని అందరూ ఉతుకు గది అనే అంటారు. నాలుగు వాషింగ్ మిషన్లు, ఒక తూకం, గుడ్డ చిరిగేదాకా గరుకు కాగితంతో రుద్దే యంత్రం, పొడవాటి బల్ల, అంతే. ఒకే టీషర్టును ఇరవైసార్లు, ముప్ఫైసార్లు, యాభైసార్లు ఉతకడం, ఉతికినప్పుడల్లా ఎంత కుంచించుకుని దగ్గరపడిందో, ఎంత వంకర తిరిగిందో స్కేలుతో కొలిచి రాయడం ఆమె పని. జేబులో ఆ స్కేలు ఎప్పుడూ తొంగిచూస్తూ ఉంటుంది కాబట్టి ఆమె కొలతలక్క అయింది. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు. పైగా లోలోపల కాస్త గర్వం.

గుడ్డలో మన్నిక పసిగట్టగలిగిన ఆ మనిషికి, తోడబుట్టినవాడిలోనే మన్నిక లేదని ఒక బెంగ ఉండేది.

తమ్ముడు ఆమెకంటే పదకొండేళ్లు చిన్న. తల్లి పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. స్నానం చేయించింది, తల దువ్వింది, బడికి తోలింది, వాడి కోసం తన పెళ్లి మాట కూడా ఎత్తనివ్వలేదు. వాడు మనిషి మంచివాడే. గట్టిగా ఒక మాట అనడు, తాగుడు లేదు, జూదం లేదు. ఒక్కటే జబ్బు, ఏ పనిలోనూ నిలవడు. గోడౌన్లో మూడు నెలలు, బండ్లు నిలిపే చోట చీటీలు చింపుతూ రెండు నెలలు, బేకరీలో నలభై రోజులు. "ఎందుకురా మానేశావ్?" అంటే "ఏమో అక్కా, అక్కడ గాలాడట్లేదు," అనేవాడు. ముప్ఫై నాలుగేళ్లు వచ్చినా అదే జవాబు. ఆ జవాబు విన్నప్పుడల్లా కొలతలక్క ఒంటికాలి మీద లేచేది.

ఆఖరికి ఆమే వెళ్లి, వాన నీళ్లు కారకుండా ఇళ్ల కప్పుల మీద తారు షీట్లు పరిచే మేస్త్రిని బతిమాలుకుంది. మేస్త్రి ఆమెను ఎగాదిగా చూశాడు. "మీ మొహం చూసి తీసుకుంటున్నా. ఒక్కరోజు ఎగ్గొట్టాడని తెలిస్తే మాత్రం, వాణ్నే కాదు, మీరొచ్చినా గుమ్మం ఎక్కనివ్వను," అన్నాడు. ఆమె ఇంటికొచ్చి తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇదే ఆఖరు. ఇది కూడా వదిలేశావంటే నాకు తమ్ముడు లేడనుకుంటాను."

"వదలనక్కా."

"ఎన్నిసార్లు విన్నాను ఈ మాట!"

"ఈసారి వదలను. నీ మీద ఒట్టు," అని వాడు ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. వాడు పొడుగు కాబట్టి ముందుకు వంగనక్కర్లేకుండానే చెయ్యి అందింది. పనిలో చేరిన రెండో రోజుకే అక్కడివాళ్లు వాడికి నిచ్చెన అని పేరు పెట్టారు.

వానలు రాకముందే కప్పుల పని అయిపోవాలి కాబట్టి, ఎండలు ముదిరినప్పుడే ఆ పని కూడా ముదురుతుంది. పైన సూర్యుడు. చేతిలో గ్యాసు మంట. దానితో షీటును కింది వైపు కాల్చి, తారు కరిగి నిగనిగలాడగానే కప్పుకు అంటించి, కాలితో తొక్కాలి. గ్యాసు సిలిండరు మోసే బండ మనిషిని అందరూ గ్యాసుబండ అనేవాళ్లు. అతనూ నిచ్చెనా ఒక జట్టు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే చూసి నవ్వనివాళ్లు ఉండేవాళ్లు కాదు.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీలో కొత్త పని మొదలైంది. ఎండలో పనిచేసేవాళ్ల కోసం టీషర్టులు తయారు చేయాలని తొమ్మిది రకాల గుడ్డ నేయించారు. ఒక్కో రకానికి ఒక నంబరు. గదిలో మిషన్ల మీద పరీక్షిస్తే చాలదు, నిజంగా ఎండలో చాకిరీ చేసేవాళ్లకు తలో అయిదు ఇచ్చి అరవై రోజులు తొడిగించాలి. వారానికో ఫారం నింపాలి. అందులో గళ్లున్నాయి. దగ్గరపడటం, రంగు, కుట్లు, చినుగు, గుడ్డ మీద నూలు ఉండలు కట్టడం. అన్నిటికన్నా కింద ఒక గడి, 'తొడుక్కున్నవారి మాట' అని.

"మా తమ్ముడున్నాడు కదా," అంది కొలతలక్క.

ఉతుకు గదికి పైఅధికారి అయిన ల్యాబ్ మేడమ్ వయసులో చిన్నదే అయినా చదువుకున్న మనిషి. "అయితే రెండో నంబరు ఇవ్వండక్కా. పూర్తి కాటన్, పల్చగా ఉంటుంది, గాలాడుతుంది," అంది.

గాలాడటం అన్న మాట వినగానే కొలతలక్కకు చిర్రెత్తుకొచ్చింది. "రెండో నంబరుతో తారు మీద పాకితే పదిరోజుల్లో జల్లెడ అవుద్ది మేడమ్. ఏడో నంబరు ఇస్తాను," అంది. ఏడో నంబరు సగం కాటన్, సగం పాలిస్టర్. అల్లిక బిగువు. యాభై ఉతుకుల తర్వాత కూడా అర అంగుళం దగ్గరపడలేదు, రుద్దే యంత్రం వేడెక్కి ఆగిపోయింది గానీ గుడ్డ చిరగలేదు. ఆ యంత్రం ఆగిపోయిన రోజున ఆమె గదిలో వాళ్లందరినీ పిలిచి చూపించింది. వాడి ఒంటి మీదైనా ఒకటి నిలిచి ఉండాలి అనుకుంది మనసులో. తారు మరక కనపడకుండా సిరా రంగువి ఏరింది.

ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటీ మడత విప్పి, పాఠం చెప్పినట్టు చెప్పింది. "విప్పేటప్పుడే తిరగేసి విప్పు. చెమటతో ఉన్నదాన్ని ముద్ద చేసి మూల పడేయకు, వెంటనే నీళ్లలో ముంచు. వేడినీళ్లు పనికిరావు. పిండకు, నీళ్లు వాటంతటవే కారాలి. నిన్న తొడిగిందే మళ్లీ ఇవాళ తొడుక్కోకు, గుడ్డకి కూడా ఒకరోజు సెలవుండాలి. ఘుమఘుమలాడే లిక్విడ్ ఏదీ పోయకు, అది పోస్తే గుడ్డ చెమట పీల్చదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎండలో ఆరేశావో చూడు! నీడలో, తిరగేసి, పరిచి ఆరెయ్యాలి."

వాడు బుద్ధిగా అంతా విని, "ఎండలో మాడేది నేను, నీడలో ఆరేది టీషర్టా? వచ్చే జన్మంటూ ఉంటే నీ టీషర్టునై పుడతానక్కా," అన్నాడు. ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మొదటి ఇరవై రోజులు ఆమె మనసు హాయిగా ఉంది. సాయంత్రం వాడు రాగానే టీషర్టు విప్పించి, ఉతికే ముందు కిటికీ దగ్గర పరిచి చూసేది. సిరా రంగు మీద తెల్లగా ఉప్పు గీతలు. చంకల కింద అర్ధచంద్రాల్లా, వెన్ను పొడుగునా చెరువు అంచుల్లా, ఒక గీత లోపల ఒక గీత. చెమట పట్టి ఆరితే ఒక గీత, మళ్లీ పట్టి ఆరితే ఇంకో గీత. ఆమె వాటిని లెక్కపెట్టేది. పొద్దుటి పూట ఒకటి, భోజనం ముందు ఒకటి, తర్వాత రెండు. మేస్త్రిని అడగక్కర్లేదు, ఎవరినీ ఆరా తీయక్కర్లేదు. వాడు ఆ రోజు ఎంత పనిచేశాడో వాడి వీపు మీదే రాసి ఉండేది. నాలుగు గీతలు కనపడితే ఆ రాత్రి ఆమెకు ఒక్క కునుకుకే తెల్లారేది.

ఫారం కూడా తనే నింపేది. కుట్లు బాగున్నాయి, రంగు బాగుంది, ఉండలు లేవు. ఆఖరి గడిలో ఏ వారానికి ఆ వారం 'బాగుంది' అని రాసేసేది. వాడిని అడిగేదేముంది, గుడ్డ సంగతి వాడికేం తెలుసు?

నాలుగో వారంలో వాడు తలుపు చట్రానికి వీపు ఆనించి రుద్దుకుంటూ కనిపించాడు. టీషర్టు ఎత్తి చూసింది. మెడ నుంచి నడుం దాకా చెమటకాయలు, ఆవాలు చల్లినట్టు.

"ఇది ఒంటికి అతుక్కుపోతోందక్కా. లోపల ఏదో ఉడుకుతున్నట్టుంటుంది."

"కొత్త గుడ్డ కదరా. ఇంకో నాలుగు ఉతుకులకి మెత్తబడుతుంది. ఎండాకాలం చెమటకాయలు ఎవరికి రావు?" అని పౌడరు డబ్బా తెచ్చి వీపంతా దట్టంగా అద్దింది. మర్నాడు పొద్దున కూడా అద్దింది. వాడు పనికి వెళ్లే ముందు రోజూ పౌడరు అద్దడం ఒక అలవాటు చేసుకుంది. వాడు చిన్నప్పటిలాగే చేతులు పైకెత్తి నిలబడేవాడు.

అయిదో వారం మొదట్లో ఒక సాయంత్రం టీషర్టు పరిచి చూస్తే గీతలు లేవు. ఒక్కటి కూడా. వెలుతురుకు తిప్పింది, వేలితో గీరింది. ఏమీ లేదు. మర్నాడూ లేదు. మూడో నాడూ లేదు, నాలుగో నాడూ లేదు. ఎండ చూస్తే రోజురోజుకీ పెరుగుతోంది. ఫ్యాక్టరీ గేటు ఇనుప గొళ్లెం పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది.

తెలివితక్కువ మనిషైతే అది గుడ్డ గొప్పతనం అనుకునేది. ఆమె అలా అనుకోలేదు. చెమట ఆవిరైపోయినా ఉప్పు ఎక్కడికి పోతుంది? ఉప్పు లేదంటే చెమట లేదు. చెమట లేదంటే ఎండ లేదు. ఎండ లేదంటే వీడు కప్పు మీద లేడు. ఎక్కడో చెట్టు నీడనో, ఎవరి వరండాలోనో కాళ్లు చాపుకుని పొద్దు గడిపి వస్తున్నాడు. ప్యాంటు మీద తారు మరకలున్న మాట నిజమే గానీ అవి నిన్నటివో నెల కిందటివో ఎవరికి తెలుసు? పైగా వీడి వాలకం కూడా అలాగే ఉంది. ఇంటికి రావడమే నేల మీద పడిపోవడం, తలనొప్పి అనడం, పళ్లెంలో పెట్టింది సగం వదిలేయడం. పనిచెయ్యనివాడికి ఆకలెలా వేస్తుంది అనుకుంది ఆమె. లెక్క అంతా సరిపోయింది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

"ఎక్కడ కూర్చుంటున్నావురా పగలంతా?" అని అడిగింది నాలుగో సాయంత్రం.

వాడు పడుకున్నవాడు తల ఎత్తాడు. "కూర్చోవడమేంటి? కప్పు మీదున్నా."

"కప్పు మీదా, కప్పు కిందా?"

"అక్కా!"

"ఇదిగో, దీన్ని చూడు," అని టీషర్టు వాడి మొహం మీదికి విసిరింది. "నాలుగు రోజులుగా ఇలాగే ఉంది. పెళ్లికి తొడుక్కెళ్లి వచ్చినట్టు."

వాడు లేచి కూర్చుని టీషర్టును అటూ ఇటూ తిప్పాడు. అందులో ఏం చూడాలో వాడికి తెలియలేదు. "పనికి వెళ్తున్నానక్కా. చెమట పట్టట్లేదు, అంతే," అన్నాడు.

"ఈ ఎండలోనా? గోడలకి కూడా పడుతోంది చెమట!"

"నాకూ వింతగానే ఉంది. ఒళ్లు అలవాటు పడిపోయిందిరా, అదృష్టవంతుడివి అంటున్నారు పనిలో వాళ్లు."

"నాకు కథలు చెప్పకు. మనుషులు అబద్ధం చెప్తారు, గుడ్డ చెప్పదు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా."

"పోనీ మేస్త్రిని అడుగు."

"అడిగి ఉన్న పరువు కూడా తీసుకోనా? అడగను. ఎవరినీ అడగను. దీని మీద ఉప్పు కనపడిన రోజున నమ్ముతాను నిన్ను."

వాడు టీషర్టును తిరగేసి, భుజాలు కలిపి, ఆమె నేర్పినట్టే మడిచి పక్కన పెట్టాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమెకు ఆ క్షణంలో జాలి కలగకపోలేదు. కానీ జాలిపడే కదా ఇన్నాళ్లూ వాడిని ఇలా చేసుకున్నాను అని తనను తాను గట్టిపరచుకుంది.

మర్నాటి సాయంత్రం ఉప్పు కనిపించింది.

వీపంతా తెల్లగా ఉంది. అంత ఉప్పు మొదటి రోజుల్లో కూడా లేదు. కొలతలక్క టీషర్టును కిటికీ దగ్గర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చూశావా, ఒక్క మాటతో దారికొచ్చాడు అనుకుంది. ఆ పూట వాడి పళ్లెంలో ఒక గరిటె ఎక్కువే వడ్డించింది. వాడు ఆమె మొహం చూసి చిన్నగా నవ్వాడు, రెండు ముద్దలు తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు.

అయిదు రోజులు వరసగా ఉప్పు గీతలతో వచ్చాయి టీషర్టులు. ఆమె ఊరికే ఉండే మనిషి కాదు కాబట్టి కొన్ని విషయాలు కనిపెట్టింది కూడా. ఒకటి, ఉప్పు పాతలాగా గీత లోపల గీతగా లేదు, ఒకే మడుగులా ఉంది. దులిపితే పొడిపొడిగా రాలుతోంది. 'గుడ్డ ఉప్పును పట్టి ఉంచడం లేదు, మంచి లక్షణం' అని ఫారంలో రాసింది. రెండు, వీపు మీద రంగు వెలిసిపోతోంది, అదీ పై వైపునే. ఇంట్లో తను ఎప్పుడూ తిరగేసి నీడలోనే ఆరేస్తుంది కాబట్టి ఆ తప్పు అద్దకానిదే. 'రంగు: వీపు భాగంలో వెలుస్తోంది' అని రాసి కింద గీత గీసింది. అద్దకం వాళ్ల తప్పు పట్టుకున్నందుకు సంతోషించింది. ఇంట్లో ఉప్పు డబ్బా నెల మధ్యలోనే అడుగంటింది. మూత సరిగ్గా పెట్టక చెమ్మకు కరిగిపోయిందనుకుంది.

ఆరో రోజు మధ్యాహ్నం ఆమె బల్ల మీద టీషర్టు పరిచి కొలుస్తుండగా మేస్త్రి ఫోన్ చేశాడు. "మీ తమ్ముడు పడిపోయాడు. హాస్పిటల్‌కి తీసుకొచ్చాం, మీరు రండి."

కప్పు మీద నుంచి పడ్డాడేమో, కాలో చెయ్యో విరిగిందేమో అనుకుంటూ పరుగెత్తింది. దారి పొడుగునా విరిగిన కాలికి ఏం చేయాలో ఆలోచించింది. స్కేలు జేబులోనే ఉండిపోయింది.

వాడికి ఎక్కడా దెబ్బ లేదు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కాళ్లు మంచం దాటి బయటికి వచ్చేశాయి. చంకల్లో, మెడ కింద మంచుగడ్డలు పెట్టారు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ చూపు లేదు. నుదుటి మీద చెయ్యి వేసింది. పొయ్యి మీది పెనాన్ని తాకినట్టయింది. అంత వేడిగా ఉన్న ఒళ్లు, ఎక్కడా చుక్క తడి లేదు. టీషర్టును మెడ నుంచి కింది అంచు దాకా కత్తిరించి తీసి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టారు. పక్కనే గ్యాసుబండ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

డాక్టరమ్మ వాడిని కాస్త పక్కకి ఒత్తిగిలించి వీపు వైపు వేలు చూపించింది. "ఎన్ని రోజులైంది ఇతనికి చెమట పట్టక?"

కొలతలక్క తల అడ్డంగా ఊపింది. "పడుతోందండీ. మధ్యలో ఒక నాలుగు రోజులు పట్టలేదు. మళ్లీ పట్టింది."

"పట్టి ఉండదు. చెమటకాయలు ముదిరిపోయి చర్మం కింద దారులన్నీ మూసేశాయి. పైన పౌడరు కూడా పేరుకుపోయింది. ఊపిరాడని బట్ట తొడిగారు. ఇన్ని రోజులుగా లోపలి వేడి బయటికి వచ్చే దారి లేదు."

"లేదండీ, ఉప్పు గీతలున్నాయి. నేను చూశాను. రోజూ చూస్తాను. అయిదు రోజుల నుంచి ఉన్నాయి." ఆమె గొంతు లేచింది. "కావాలంటే ఇంటి నుంచి ఫారాలు తెచ్చి చూపిస్తాను!"

గోడ దగ్గర గ్యాసుబండ కదిలాడు. "అక్కా, అది చెమట కాదు."

ఆమె అతని వైపు తిరిగింది.

"రోజూ ఒక సీసాలో ఉప్పునీళ్లు కలుపుకొచ్చేవాడు. భోజనాలయ్యాక మేమంతా ట్యాంకు నీడలో నడుం వాలిస్తే, వీడు టీషర్టు విప్పి ఆ నీళ్లు చల్లి, కప్పు మీద ఎండలో పరిచేవాడు. అది ఆరేదాకా పక్కనే కూర్చునేవాడు, గాలికి ఎగిరిపోతుందని. నీడకి రారా అంటే వచ్చేవాడు కాదు. ఎందుకురా ఈ తిక్క పని అని అడిగితే, 'మా అక్క చూస్తుంది' అన్నాడు." గ్యాసుబండ ముక్కు ఎగబీల్చాడు. "మేం నవ్వామక్కా. రోజూ నవ్వాం."

"పనికి రోజూ వచ్చేవాడా?" అని అడిగింది ఆమె. ఏ గొంతుతో అడిగిందో ఆమెకే తెలియదు.

"ఒక్క పూట కూడా మానలేదు."

డాక్టరమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. కాగితం మీద పెన్ను పెట్టి ఆగింది. "ఎన్ని రోజులో సరిగ్గా చెప్పగలరా?"

"తొమ్మిది. ఇవాళ్టితో పది," అంది కొలతలక్క.

"అంత ఖచ్చితంగా తెలుసా? ముందే ఎందుకు తీసుకురాలేదు? అతను మీకు చెప్పలేదా?"

"చెప్పాడు," అంది.

వాడు రెండు రోజులున్నాడు. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి పెదవులు కదిపాడు. ఆమె చెవి ఆనించింది, మాట రాలేదు, ఊపిరి మాత్రమే తగిలింది. తడిగుడ్డతో వాడి చేతులు తుడుస్తూ కూర్చుంది. "నమ్మానురా. నమ్ముతున్నాను. కళ్లు తెరువు," అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. మూడో రోజు పొద్దున నర్సు వచ్చి ఆమె చేతిలోంచి తడిగుడ్డ మెల్లగా తీసుకుంది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఎవరో వచ్చారు, ఎవరో వెళ్లారు. మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇంత గట్టివాడు మా దగ్గర ఇంకొకడు లేడమ్మా," అని చెప్పి వెళ్లాడు. ఎన్నేళ్లుగానో ఎవరి నోటి నుంచైనా వినాలనుకున్న మాట అది. ఆమె విని, తలుపు వేసుకుని, ఒంటరిగా ఏడ్చింది. ఏడుస్తూనే బాల్చీలో ముంచి ఉన్న రెండు సిరా రంగు టీషర్టులు తీసి, పిండకుండా, తిరగేసి, నీడలో పరిచింది. చేతులు వాటంతటవే ఆ పని చేశాయి. పరిచాక చూసుకుని, వాటి పక్కనే నేల మీద కూలబడింది.

పన్నెండో రోజున ఉతుకు గదికి వెళ్లింది. ల్యాబ్ మేడమ్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "మీరు కొన్నాళ్లు ఇంట్లో ఉండండక్కా. ఆ ఫారం మేం ఎలాగో పూర్తిచేసుకుంటాం."

"నేనే నింపాలి మేడమ్," అంది కొలతలక్క.

బల్ల మీద అయిదు టీషర్టులూ పరిచింది. నాలుగు నిండువి, ఒకటి కత్తిరించినది. స్కేలు తీసి కొలిచింది. దగ్గరపడటం, లేదు. కుట్లు, ఒక్కటీ ఊడలేదు. ఉండలు, లేవు. చినుగు అన్న గడిలో 'ముందు భాగం, మెడ నుంచి అంచు దాకా' అని రాసి, కారణం దగ్గర 'కత్తెర' అని రాసింది. రంగు అన్న చోట తను కింద గీత గీసిన మాటను కొట్టేసి, 'అద్దకం తప్పు కాదు, ఎండలో ఆరేశారు' అని దిద్దింది. ఏడో నంబరులో ఏ లోపమూ లేదు. ఆ తొమ్మిది రకాల్లో అంత మన్నికైన గుడ్డ ఇంకొకటి లేదు.

తర్వాత పాత ఫారాలు ముందుకు లాక్కుంది. అయిదు వారాలవి, అయిదు. ప్రతిదాని అడుగునా తన గుండ్రటి అక్షరాల్లో 'బాగుంది' అని ఉంది. ఒక్కొక్కటే కొట్టేసింది. నాలుగో వారం దాని మీద 'ఒంటికి అతుక్కుపోతోందక్కా. లోపల ఏదో ఉడుకుతున్నట్టుంటుంది' అని రాసింది. అయిదో వారం దాని దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మేడమ్ వెనక నుంచి వచ్చి ఆగింది. మిషన్లలో ఒకటి తిరుగుతోంది. ఆ గడి చిన్నది, అందులో ఎప్పుడూ ఒక్క మాటకు మించి ఎవరూ రాయరు. కొలతలక్క అక్షరాలు చిన్నవి చేసి, రెండు వరసల్లో ఇరికించి, తొడుక్కున్నవారి మాట రాసింది.

'పనికి వెళ్తున్నానక్కా. చెమట పట్టట్లేదు, అంతే.'